మిద్దె తోటకు విత్తనమా, అంటు మొక్కా: బెంగళూరులో మొక్కలు కొనే తెలుగువారికి ఒక ఎంపిక సలహా

లాల్‌బాగ్ దగ్గర సిద్దాపురలో వరుసగా ఉన్న నర్సరీలకు జూన్ మొదటి వానల తర్వాత వెళితే, బంగినపల్లి అని చీటీ కట్టిన మామిడి మొక్కలు రెండు రకాలుగా కనిపిస్తాయి. ఒకటి కాండం మీద జానెడు ఎత్తున బుడిపె ఉండి, దాని పైనుంచి కొత్త కొమ్మ సాగిన అంటు మొక్క. రెండోది టెంక నుంచి నిటారుగా లేచిన మొక్క. దీని ఆకులు నిగనిగలాడుతుంటాయి, ధర కూడా బాగా తక్కువ. అమ్మే మనిషి చిత్తూరు వైపువాడైతే, మన మాట విని తెలుగులోనే "రెండూ బంగినపల్లే సార్, అదైతే కాస్త లేటుగా కాస్తుంది, అంతే" అని చెబుతాడు. ఆ మాటలో సగమే నిజం.

ఆలస్యంగా కాస్తుందన్నది నిజం, రెండూ బంగినపల్లే అన్నది కాదు. టెంక నుంచి వచ్చింది బంగినపల్లి బిడ్డ. ఆ బిడ్డకు తండ్రి ఎవరో, పూత కాలంలో ఈగలూ తేనెటీగలూ ఏ చెట్టు పుప్పొడి మోసుకొచ్చాయో ఎవరూ చెప్పలేరు. అంటు మొక్కలో పైభాగం మాత్రం అచ్చంగా బంగినపల్లే. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ పేరుతో నేడు కాస్తున్న చెట్లన్నీ ఎప్పుడో ఒకచోట మొలిచిన ఒక చెట్టుకు కొమ్మలుగా, ఆ కొమ్మలకు కొమ్మలుగా వ్యాపించినవే. అంటే మన మిద్దె మీద తొట్టిలో ఉన్న అంటు మొక్క వయసు మూడేళ్లే అయినా, దానిలోని జీవకణాల వరుస ఆ మొదటి చెట్టు నుంచి తెగకుండా సాగుతూ వచ్చింది.

మిద్దె మీద పదో పాతికో తొట్లు పెట్టుకోగలిగిన వారికి ఏ మొక్కను విత్తనంతో మొదలుపెట్టాలి, దేన్ని కొమ్మతోనో పిలకతోనో తెచ్చుకోవాలి అన్నది చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఒక జాతి తరతరాలుగా నిలబడటానికి ప్రకృతిలో ఉన్న రెండు దారులు, అంటే లైంగిక పునరుత్పత్తి, అలైంగిక పునరుత్పత్తి, ఇవే. వాటి లాభనష్టాలు తెలిస్తే నర్సరీలో నిర్ణయం తేలికవుతుంది. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: పండ్ల చెట్లకు చాలావరకు అంటు, కూరగాయలకూ ఆకుకూరలకూ విత్తనం, పూల మొక్కలకు మాత్రం ఒక్కోదానికి ఒక్కో లెక్క. అయితే ఈ నియమాన్ని కళ్లు మూసుకుని పాటిస్తే నిమ్మ దగ్గర, బొప్పాయి దగ్గర పొరపాటు జరుగుతుంది.

రెండు దారుల్లో జరిగేది

మామిడి కణంలో 40 క్రోమోజోములు, అంటే 20 జతలు ఉంటాయి. పుప్పొడి గానీ అండం గానీ తయారయ్యేటప్పుడు ఒక్కో జత నుంచి ఒక్కటే ఎంపికై 20 క్రోమోజోములు మాత్రమే అందులోకి వెళతాయి. జతకు ఒకటి చొప్పున ఏరుకునే విధాలు లెక్కగడితే 10,48,576 వస్తాయి. ఇది తల్లి వైపు లెక్క మాత్రమే. తండ్రి వైపు కూడా అంతే ఉంటుంది, పైగా ఒక జతలోని రెండు క్రోమోజోములు విడిపోయే ముందు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకుంటాయి. కాబట్టి ఒకే చెట్టు కింద రాలిన వంద టెంకలు నాటితే వంద రకాల చెట్లు వస్తాయి. వాటిలో తల్లిని మించినది ఒకటి ఉండవచ్చు. పీచుతో పులుపుతో పచ్చడికి కూడా పనికిరానివి చాలానే ఉంటాయి.

రెండో దారిలో ఈ పంపకం ఏదీ ఉండదు. కణం తన 40 క్రోమోజోములనూ యథాతథంగా నకలు తీసుకుని రెండుగా విడిపోతుంది, ఆ విభజనే కొనసాగి వేరు, కాండం, ఆకు ఏర్పడతాయి. అరటి పిలక, అల్లం కొమ్ము, వెల్లుల్లి రెబ్బ, పుదీన కాడ, మల్లె అంటు, అన్నీ ఇదే పద్ధతి. దీన్ని కళ్లారా చూడాలంటే రణపాల ఆకు ఒకటి తెచ్చి తడి మట్టి మీద పరిస్తే చాలు. కొద్ది రోజుల్లో ఆకు అంచున ఉన్న ప్రతి నొక్కు దగ్గరా గోరంత మొక్క, దాని కింద తెల్లని నూలుపోగుల్లాంటి వేళ్లు కనిపిస్తాయి. పిల్లలకు ఇంట్లో చూపించడానికి ఇంతకంటే తేలికైన ప్రయోగం నాకు తెలియదు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. విత్తనం అనగానే కొత్త కలయిక అని, కొమ్మ అనగానే పాత నకలు అని పాఠంలా గుర్తుపెట్టుకుంటారు. నిమ్మ గింజను కోసి చూస్తే ఒక గింజలోనే రెండు మూడు పిండాలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు ఫలదీకరణతో సంబంధం లేకుండా తల్లి కణజాలం నుంచే పుడతాయి. అంటే గింజ రూపంలో ఉన్నా, అది తల్లి నకలే. పడమటి తీరపు మామిళ్లలో, అంటే కర్ణాటకలోని నెక్కరె, కేరళలోని ఒలూర్ వంటి రకాల్లో కూడా ఇలాగే ఒక టెంక నుంచి మూడు నాలుగు మొలకలు వస్తాయి. మన బంగినపల్లికి, నీలానికి, తోతాపురికి ఆ గుణం లేదు. ఇక టమాటా, వేరుశనగ వంటివి పువ్వు విచ్చుకునే వేళకే చాలావరకు తమ పుప్పొడితో తామే ఫలదీకరణ జరుపుకుంటాయి. అది లైంగిక పునరుత్పత్తే అయినా, తల్లీతండ్రీ ఒకరే కావడం వల్ల తరతరానికీ తేడాలు తగ్గిపోయి విత్తనం దాదాపు నకలులాగే నిలకడగా ఉంటుంది. అనంతపురం రైతు తన వేరుశనగ విత్తనాన్ని తానే ఏళ్ల తరబడి దాచుకోగలిగేది ఈ కారణం వల్లే.

కొమ్మ వైపు కూడా అప్పుడప్పుడు తేడా పడుతుంది. చెట్టులో ఒక మొగ్గ కణంలో మార్పు వస్తే ఆ కొమ్మ మాత్రం వేరే రంగు పువ్వో గింజ లేని కాయో ఇస్తుంది. నావెల్ నారింజ అలా వచ్చినదే. కానీ అది అరుదు, మన ఎంపికను మార్చేంత విషయం కాదు.

నకలుకు ఉన్న వేగం

అలైంగిక పునరుత్పత్తి ఎంత వేగంగా జాతిని వ్యాపింపజేస్తుందో చూడాలంటే బెంగళూరులో బెల్లందూరు, వర్తూరు చెరువుల గట్టు మీద కాసేపు నిలబడితే సరిపోతుంది. అమెజాన్ ప్రాంతం నుంచి వచ్చిన గుర్రపుడెక్క నీటి మీద పక్కకు ఒక కాడ సాగదీసి, దాని చివర ఇంకో మొక్కను పెంచి, అది తెగిపోగానే స్వతంత్రంగా బతుకుతుంది. మురుగునీటి పోషకాలు అందితే ఒకటి రెండు వారాల్లో చెరువు మీద దాని పరిమాణం రెట్టింపవుతుంది. ప్రపంచమంతటా వ్యాపించిన గుర్రపుడెక్కలో ఎక్కువ భాగం జన్యుపరంగా ఒకే మొక్క నకళ్లని పరిశోధనల్లో తేలింది. జతకట్టడానికి తోడు అక్కరలేదు, తేనెటీగ రానక్కరలేదు, ఒక్క మొక్క చేరినా చెరువు నిండుతుంది. ఇంతటి జాతి కూడా విత్తనాన్ని పూర్తిగా వదులుకోలేదన్నది గమనించవలసిన సంగతి. ఊదారంగు పూలు పూసి గింజలను అడుగు బురదలోకి వదులుతుంది, అవి ఏళ్ల తరబడి అక్కడే చావకుండా ఉంటాయి. యంత్రాలు పెట్టి పైమొక్కనంతా ఎత్తివేసిన తర్వాత కూడా చెరువు మళ్లీ పచ్చబడటానికి మిగిలిన ముక్కలతో పాటు ఆ గింజలూ కారణం.

మన మిద్దె మీద కూడా ఇలాంటి సంసారాలు ఉన్నాయి. చిక్కుడు లేత కొనల మీద గుంపుగా అంటుకునే పేనుబంకలో, మన వంటి వెచ్చని ప్రాంతాల్లో దాదాపు అన్నీ ఆడవే. అవి గుడ్డు పెట్టకుండా నేరుగా పిల్లలను కంటాయి, పుట్టే ఆ పిల్ల కడుపులో అప్పటికే దాని పిల్లల పిండాలు పెరుగుతుంటాయి. సోమవారం నాలుగు కనిపించినవి మరుసటి సోమవారానికి కొన అంతా నల్లగా కప్పేయడంలో వింత లేదు. చలి దేశాల్లో మాత్రం శీతకాలం ముందు మగవి పుట్టి, ఆడవాటితో కలిసి, మంచును తట్టుకునే గుడ్లు పెడతాయి. కష్టకాలం వచ్చేముందు లైంగిక పునరుత్పత్తికి మళ్లడం ప్రాణిలోకంలో చాలాచోట్ల కనిపించే పద్ధతి.

ఇంకొకటి, పాత తొట్టి ఎత్తినప్పుడు వానపామని భ్రమపడేలా నల్లగా మెలికలు తిరిగే చిన్న గుడ్డిపాము. తొట్లలోని మట్టితో పాటు ప్రయాణించి ఖండాలు దాటిన ఈ పాములో ఇంతవరకు మగది దొరకలేదు. కణానికి మూడేసి క్రోమోజోము జట్లతో ఆడవి ఒంటరిగానే గుడ్లు పెట్టి సంతతిని పెంచుతాయి. ప్రకృతి శాస్త్రజ్ఞుడు పాట్రిక్ రసెల్ 1796లో దీన్ని విశాఖపట్నం ప్రాంతం నుంచి వర్ణిస్తూ రెండు తలల పాము అన్న తెలుగు పేరునే తన గ్రంథంలో రాసుకున్నాడు. దానికి విషం లేదు, చీమల గుడ్లూ చెద పురుగులూ తింటుంది. కనబడితే చంపవద్దు.

వేగం ఇంత లాభమైతే, లైంగిక పునరుత్పత్తి ఎందుకు మిగిలింది అన్న ప్రశ్న వస్తుంది. దాని ఖర్చు నిజంగానే ఎక్కువ. బొప్పాయి విత్తనాలు పది నాటితే, పాత నాటు రకాల్లో దాదాపు సగం మగ చెట్లవుతాయి. అవి మన తొట్టిని, ఎరువును, ఎండను వాడుకుని వేలాడే పూగుత్తులు వేస్తాయి గానీ కాయ కాయవు. ప్రతి తరంలో సగం మంది సంతానం కనలేని జాతి, అందరూ కనే జాతితో పోటీ పడాలంటే దానికి బదులుగా ఏదో గట్టి లాభం ఉండి తీరాలి.

ఆ వేగానికి కట్టే వెల

ఆ లాభం ఏమిటో గోదావరి జిల్లాలవారికి అమృతపాణి అరటి పేరు చెబితే అర్థమవుతుంది. మైసూరు పక్కన నంజనగూడు రసబాళె, తమిళనాడు రస్తాలి, మన అమృతపాణి ఒకే కుటుంబపు రకాలు. గింజ లేదు, పిలక నుంచి పిలకగా మాత్రమే సాగుతున్నాయి. నేలలో ఉండే ఫ్యుజేరియం శిలీంధ్రం వేరు నుంచి కాండంలోకి ఎక్కితే నీటి గొట్టాలు మూసుకుపోయి, ముందు కింది ఆకులు పసుపుపచ్చబడి, చివరికి చెట్టు ఒరిగిపోతుంది. దీన్ని పనామా తెగులు అంటారు. ఒక చెట్టు దానికి లొంగితే తోటలోని అన్ని చెట్లూ లొంగుతాయి, ఎందుకంటే తాళం చెవి అన్నింటికీ ఒకటే. నంజనగూడు రసబాళె సాగు ఇలాగే కుదించుకుపోయింది. ఎగుమతి అరటిలో గ్రోస్ మిషెల్ రకం 1950ల నాటికి ఇదే తెగులుకు తుడిచిపెట్టుకుపోయి, దాని స్థానంలో కావెండిష్ వచ్చింది. ఇప్పుడు ఆ కావెండిష్‌ను కూడా పడగొట్టే టీఆర్-4 అనే ఆ శిలీంధ్రపు కొత్త రూపం మన దేశంలోనూ కనిపించింది. ఐర్లాండ్‌లో 1845లో మొదలైన కరువు కథ కూడా ఇదే: లంపర్ అనే ఒకే రకం బంగాళాదుంప ముక్కలను నాటి బతికిన దేశంలో ఆకుమచ్చ తెగులు ప్రవేశించి, కొన్నేళ్లలో దాదాపు పది లక్షల మంది చనిపోయారు.

గుర్రపుడెక్క విషయంలో మనుషులు ఈ బలహీనతనే వాడుకున్నారు. 1980లలో దాని సొంత ప్రాంతానికి చెందిన ముక్కుపురుగులను తెప్పించి బెంగళూరు చెరువుల్లో వదిలినప్పుడు, కొన్ని చెరువుల్లో అవి దాన్ని బాగా అణచగలిగాయి. మురుగు తగ్గని చోట మాత్రం మొక్క పెరుగుదల పురుగు ఆకలిని మించిపోయింది.

నకలు వెంట వచ్చే ఇంకో నష్టం నెమ్మదిగా కనిపిస్తుంది. కణం విడిపోయే ప్రతిసారీ దాని జన్యు రాతలో ఎక్కడో ఒక అక్షరం తప్పుపడే అవకాశం ఉంటుంది. లైంగిక పునరుత్పత్తిలో ఆ తప్పులున్న ముక్కలు, లేని ముక్కలు కలగలిసి, తప్పులు తక్కువ ఉన్న బిడ్డలూ పుడతారు. నకలు వంశంలో తప్పు చేరడమే గానీ పోవడం ఉండదు. వెనక్కి తిరగని దంతాల చక్రం ఒకవైపే తిరిగినట్లు ఇవి పేరుకుపోతాయని జన్యుశాస్త్రవేత్త హెర్మన్ మల్లర్ 1964లో వాదించాడు. తోటమాలికి దీనికంటే దగ్గరి సమస్య వైరస్. తల్లి అరటికి ఆకులు గుత్తిగా బిగుసుకుపోయే బంచీ టాప్ వైరస్ ఉంటే, దాని ప్రతి పిలకలోనూ ఆ వైరస్ ఉంటుంది. విత్తనం చాలా వైరస్‌లను వడపోస్తుంది. నిమ్మజాతి చెట్లను ఎండగొట్టే ట్రిస్టెజా వైరస్ గింజ గుండా దాటదు.

అయితే నకలు పంటను ప్రమాదం నుంచి తప్పించడానికి మనుషులు మళ్లీ పువ్వు దగ్గరికే వెళ్లారు. చెరకును ఇప్పటికీ మనం కణుపు ముక్కలతోనే నాటుతాం. కానీ 1912లో కోయంబత్తూరులో మొదలైన చెరకు పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు బార్బర్, వెంకట్రామన్‌లు తియ్యని లావు చెరకు పువ్వును, ఏటి గట్ల మీద పెరిగే రెల్లు గడ్డి పుప్పొడితో కలిపారు. 1918లో విడుదలైన కో-205 ఆ కలయిక నుంచి వచ్చింది. రెల్లు ఇచ్చిన మొండితనంతో అది ఉత్తర భారతపు ఎండలనూ చలినీ తట్టుకుంది. గెలిచిన మొక్కను తర్వాత మళ్లీ ముక్కలు చేసి నకళ్లుగా పెంచారు. లైంగిక దారి కొత్తదాన్ని కనిపెట్టడానికి, అలైంగిక దారి దొరికినదాన్ని నిలబెట్టుకోవడానికి పనికొచ్చాయన్నమాట. మన తొట్ల విషయంలో కూడా నేను దీన్నే లెక్కకు తీసుకుంటాను: నాకు కావలసింది ముందే దొరికిందా, ఇంకా వెతుక్కోవాలా?

ఏ మొక్కకు ఏ దారి

మామిడికి ఈ ప్రశ్న వేసుకుంటే జవాబు తేలికగా దొరుకుతుంది. రుచి ముందే తెలుసు, తొట్టి ఒక్కటే ఉంది, టెంక మొక్క కాపుకు రావడానికి ఆరేడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. అంటు మొక్క మూడు నాలుగేళ్లకే కాస్తుంది. అందువల్ల మిద్దె మీద అంటు మొక్కే పెట్టాలి. నేనైతే బంగినపల్లి కంటే, హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థవారు బంగినపల్లిని, ఇక్కడ బాదామి అని పిలిచే ఆల్ఫాన్సోతో కలిపి తీసిన అర్క అరుణ వైపు మొగ్గుతాను. అది పొట్టి రకం, ఏటా కాస్తుంది. దీన్ని కూడా అంటుగానే కొనాలి, దాని టెంక నాటితే అర్క అరుణ రాదు. ఊళ్లో పొలం ఉన్నవారు మాత్రం గట్టు మీద రెండు టెంకలు నాటుకోవచ్చు. టెంక మొక్కకు తల్లివేరు లోతుకు దిగి గాలికీ కరువుకూ నిలబడుతుంది, చెట్టు ఎక్కువకాలం బతుకుతుంది.

నిమ్మ దగ్గర నియమం తిరగబడుతుంది. గింజ నుంచి వచ్చిన మొక్క కూడా తల్లి లాంటిదే, పైగా వైరస్ బెడద తక్కువ, వేళ్లు బలంగా ఉంటాయి. నాలుగైదేళ్లు ఆగగలిగితే గింజ మొక్కే మంచిది. తొందరగా కాయలు కావాలనుకుంటే గాలి అంటు కొనుక్కోవచ్చు, రెండు మూడేళ్లలో కాపు మొదలవుతుంది. ఏది కొన్నా, ఆకుల మీద గజ్జి మచ్చలను తట్టుకుంటుందని తిరుపతి నిమ్మ పరిశోధన కేంద్రం వారు ఎంపిక చేసిన బాలాజీ రకం దొరికితే వదలకండి.

బొప్పాయికి విత్తనమే దారి, కానీ ఏ విత్తనం అన్నది చూసుకోవాలి. ఇంట్లో తిన్న పండు గింజలు నాటితే మగ చెట్టు వచ్చే ప్రమాదం ఉంది. తొట్టి ఒకటే ఉన్నవారికి అది ఏడాది వృథా. అర్క సూర్య, రెడ్ లేడీ వంటి రకాల్లో ఆడ చెట్లు, ద్విలింగ చెట్లు మాత్రమే ఉంటాయి కనుక నాటిన ప్రతిదీ కాస్తుంది. మునగకు రెండు దారులూ ఉన్నాయి. పాత పెరటి మునగను చేతి మందం కొమ్మ నరికి పాతిపెడతారు, కానీ దానికి మిద్దె మీద చోటు చాలదు. పెరియకుళం నుంచి వచ్చిన పీకేఎం-1 విత్తనం నాటితే ఆరేడు నెలల్లో కాయ వస్తుంది, ఏటా నరికి కురచగా ఉంచుకోవచ్చు. కరివేపాకుకు మా కింది ఇంటి నెల్లూరు పిన్నిగారు పిలకే అడుగుతారు, "మీ చెట్టు వాసన మాకు కావాలి నాయనా" అని. ఆవిడ మాట సరైనదే, వేరు మీద వచ్చిన పిలకకు తల్లి వాసనే ఉంటుంది. గింజతో వేయాలనుకుంటే మాత్రం నల్లబడిన పండును అదే వారం గుజ్జు తీసి నాటాలి. ఆరబెట్టి దాచిన గింజ మొలవదు.

అరటికి పిలకా, టిష్యూ కల్చర్ మొక్కా అన్నదే ఎంపిక, రెండూ నకళ్లే. ప్రయోగశాలలో పరీక్షించిన తల్లి నుంచి తీసిన మొక్కకు వైరస్, తెగులు వెంట రావు కనుక ఏలక్కి గానీ జీ-9 గానీ అలా కొనడమే మేలు. ఎవరి పెరటి నుంచో మట్టితో సహా పిలక తెచ్చుకుంటే పనామా తెగులును కూడా ఇంటికి పిలిచినట్లవుతుంది.

పూలలో మల్లెకు మన దగ్గర గింజ పడటం అరుదు కాబట్టి నేల అంటో కొమ్మ ముక్కో తప్ప గతి లేదు. కనకాంబరంలో ఆసక్తికరమైన తేడా ఉంది. నారింజ రంగు మామూలు రకం గింజ కడుతుంది. ఎండిన కంకి మీద సాయంత్రం నీళ్లు చల్లితే కాయలు టపటప పేలి గింజలు పక్క తొట్టిలో పడతాయి, వానాకాలం వచ్చేసరికి పిలవకుండానే మొలకలు లేస్తాయి. గుత్తులు పెద్దగా ఉండే ఢిల్లీ కనకాంబరానికి క్రోమోజోము జట్లు మూడు ఉండటం వల్ల సమానంగా పంచుకోలేక గింజ కట్టదు, దాన్ని కొమ్మతోనే పెంచాలి. మాలకు ఢిల్లీ రకం ముద్దు, కానీ వేరు కుళ్లు వచ్చిన ఏడాది నా దగ్గర మిగిలింది ఆ పిలవని మొలకలే. అందుకే రెండూ ఉంచుతాను.

కూరగాయలకు విత్తనమే. టమాటాలో మూడు తెగుళ్లను తట్టుకునే అర్క రక్షక్ వంటి ఎఫ్-1 సంకర విత్తనం మొదటి తరంలో అద్భుతంగా కాస్తుంది. ఆ కాయల గింజలు దాచి నాటితే రెండో తరంలో గుణాలు చెదిరిపోయి ఒక్కో మొక్క ఒక్కో తీరుగా ఉంటుంది. ప్రతి ఏడాదీ ప్యాకెట్టు కొనడానికి ఇష్టపడేవారు సంకర విత్తనం, సొంత విత్తనం కట్టుకోవాలనుకునేవారు నాటు రకం తీసుకోవాలి. బెండ, చిక్కుడు, తోటకూర, గోంగూర వీటికి ఇంత ఆలోచన అనవసరం.

కొనేటప్పుడు చూడవలసింది

అంటు అని అమ్మేదంతా అంటు కాదు. కాండం మీద జానెడు ఎత్తున ఏటవాలు మచ్చ, దాని దగ్గర కొద్దిగా ఉబ్బు, పైకీ కిందికీ బెరడు రంగులో స్వల్పమైన తేడా ఉండాలి. ప్లాస్టిక్ పట్టీ మాత్రమే చుట్టి, విప్పితే కింద నున్నటి కాండం ఉండే మొక్కలను కూడా నేను చూశాను. కొనేముందు పట్టీ విప్పి చూపించమని అడగడానికి మొహమాటపడవద్దు. కడియం నుంచి లారీల్లో వచ్చిన మొక్క అయినా, ఇక్కడే కట్టిన అంటు అయినా పరీక్ష ఒకటే.

ఇంటికి తెచ్చాక జరిగే పొరపాటు నా సొంతం. ఏడేళ్ల క్రితం ఒక వీధి బండి దగ్గర మంచి అంటు మొక్కే కొన్నాను. రెండో ఏడు వానలకు మచ్చకు కింద నుంచి ఒక చిగురు, ఎర్రగా, పైకొమ్మ కంటే బలంగా లేచింది. చెట్టు బాగా ఎదుగుతోందని సంతోషించి దాన్ని వదిలేశాను. అది వేరు మూలపు టెంక మొక్క చిగురు. వేళ్లన్నీ దానివే కనుక నీరూ ఎరువూ అది ముందు తాగింది, మూడో ఏటికి పైనున్న బంగినపల్లి కొమ్మ ఎండిపోయింది. నేను గమనించేసరికి తొట్టిలో మిగిలింది, తల్లీతండ్రీ ఎవరో తెలియని టెంక మామిడి. మచ్చకు కింద ఏ చిగురు వచ్చినా గోటితో చిదిమేయాలని అప్పుడు నేర్చుకున్నాను.

ఆ మొక్కను పీకి పారేయడానికి మనసొప్పక, హిందూపురం దగ్గర మా తమ్ముడి పొలం గట్టు మీదికి మార్పించాను. ఇప్పుడది మనిషి ఎత్తు దాటింది, పోయిన వేసవిలో నీళ్లు పోయకపోయినా ఒక్క ఆకు వాడలేదట. పూత ఇంకా రాలేదు.